ఒకే లెన్స్ కావాలన్న మాస్టారు: ట్రావెల్ జూమ్ ఎంపికలో ఒక కేస్ స్టడీ

ఇది కావలి నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి కేసు. నెల్లూరులో నాకు స్టూడియో ఉంది, దాంతోపాటు లెన్స్‌లు అద్దెకిస్తాను, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకు చూసిపెడతాను, కాబట్టి "ఊళ్ళు తిరగడానికి అన్నిటికీ పనికొచ్చే లెన్స్ ఒక్కటి చెప్పన్నా" అనే మాట నాకు కొత్త కాదు. అడిగేవాళ్ళు చాలావరకు ఒక నంబరు మనసులో పెట్టుకునే వస్తారు, 300 అనో 400 అనో. లెన్స్ మీద రాసుండే ఎంఎం లెక్క అది, నంబరు పెరిగేకొద్దీ దూరాన్ని దగ్గరకు లాగుతుంది, తగ్గేకొద్దీ వైడ్, అంటే ఎక్కువ వెడల్పు పడుతుంది. ఆ నంబరు సంగతి మాట్లాడేముందు నేను వాళ్ళ పాత ఫొటోలు అడుగుతాను, అందులోనూ ఇంటికొచ్చాక కూర్చుని కత్తిరించుకున్నవి. ఎవరికి ఏ లెన్స్ కావాలో ఆ కత్తిరింపుల్లోనే ఉంటుందని నా నమ్మకం. ఈ కేసులో అది అంకెలతో సహా తేలింది, మాస్టారు కూడా ప్రతి అంకెనూ నిలదీసి లెక్క చేయించారు, అందుకని మొత్తం రాస్తున్నాను.

ఆయన దగ్గరున్నది నికాన్ డీ5600 బాడీ, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్. కొడుకు కొనిచ్చాడు. రిటైరయ్యాక భార్యాభర్తలిద్దరూ బాగా తిరుగుతున్నారు. గుళ్ళు, భైరవకోన, ఉదయగిరి కోట, చలికాలం వస్తే నేలపట్టు, పులికాట్, మనవళ్ళు వస్తే మైపాడు బీచ్. (2022లో జిల్లాలు విడగొట్టాక సూళ్ళూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, పక్షులు చూడాలంటే నెల్లూరు వాళ్ళం ఇప్పటికీ అటే పోతాం.)

మాస్టారి కోరిక ఒక్కటే. "18-400 అని ఉందంట గదా నాయనా, అది తగిలించుకుంటే ఇంక జన్మలో మార్చే పనిలేదు గదా." మాస్టారి భార్యని నేను అమ్మ అంటాను, అమ్మ మాట వేరే. "ఆయన కెమెరా మెళ్ళో వేసుకుంటారు బాబూ, మిగతా సంచంతా నా భుజానికే. నా మోకాళ్ళు అంతంతమాత్రం. ఇంకా బరువు పెంచితే నేను రాను, ఆయన్నే పొమ్మను." లెన్స్ అమ్మేచోట ఇలాంటి మాటను ఎవరూ రాసుకోరు. నేను మాత్రం దాన్నే మొదటి షరతుగా రాసుకున్నాను, ఎందుకంటే బరువెక్కువై బీరువాలో ఉండిపోయిన లెన్స్ ఎంత పదునైనదైనా దండగే.

లెన్స్ మార్చను అనడాన్ని కొందరు బద్ధకం అంటారు, నేను ఒప్పుకోను. మైపాడులో సముద్రం మీది గాలికి ఇసుక, ఉప్పు తుంపర కలిసి కొడుతుంటాయి, అక్కడ లెన్స్ తీసి బాడీ నోరు తెరిచారంటే లోపల బొమ్మ పడే సెన్సర్ మీది దుమ్ము ఎఫ్11, ఎఫ్16 దగ్గర ఆకాశంలో నల్లచుక్కలై తేలుతుంది (ఎఫ్ అంటే లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే నంబరు, అది పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది). రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గర ఆ జనంలో నిలబడి ఒక చేత్తో ఒక లెన్స్, ఇంకో చేత్తో ఇంకోటి పట్టుకోవడం ఎవరివల్లా కాదు. పెళ్ళిళ్ళలో నేను రెండు బాడీలకు రెండు లెన్స్‌లు వేసుకుని తిరుగుతాను కాబట్టి నాకు ఆ అవసరం రాదు. అరవై దాటిన మనిషి, పక్కన భార్య, కింద తడి ఇసుక అన్నప్పుడు ఒకే లెన్స్ అనేది న్యాయమైన కోరిక.

సరే, హార్డ్ డిస్క్ తెమ్మన్నాను. ప్రతి ఫొటో లోపలా ఎగ్జిఫ్ అని కొంత సమాచారం దాగి ఉంటుంది, ఏ లెన్స్, ఎన్ని ఎంఎం దగ్గర తీశారు, షటర్ ఎంతసేపు తెరుచుకుంది, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) ఎంత అన్నీ. కంప్యూటర్లో ఫొటో ప్రాపర్టీస్ తెరిస్తే కనపడుతుంది. వేలకొద్దీ ఫొటోలుంటే ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొత్తం ఫోల్డర్‌ని ఒక్కసారిగా చదివి పట్టిక ఇచ్చేస్తుంది. మాస్టారి ఫోల్డర్లను అలా ఎంఎం వారీగా పేర్చి చూస్తే రెండు గుట్టలు కనపడ్డాయి. ఒకటి 18 దగ్గర, ఒకటి 55 దగ్గర. మధ్యలో చాలా పలచగా ఉంది.

18 దగ్గర గుట్ట ఉంది కాబట్టి ఆయనకు ఇంకా వైడ్ కావాలి అని తొందరపడి చెప్పేయొచ్చు. కానీ ఈ 18-55 మడుచుకునే రకం లెన్స్, బటన్ నొక్కి రింగు తిప్పి తెరవగానే అది వచ్చి ఆగేది 18 దగ్గరే. జూమ్ చేయకుండా నిలబడ్డ చోటినుంచే టక్కున తీసిన ప్రతి ఫొటో 18 లెక్కలోనే పడుతుంది. అందుకని ఆ గుట్టను ఒక్కొక్క ఫొటోగా చూశాం. గోపురం కలశాలు తెగిపోయినవో, మండపం స్తంభాలు రెండు పక్కలా సగానికి కోసుకుపోయినవో ఉంటే నిజంగా వైడ్ చాలలేదని అర్థం. అలాంటివి ఉన్నాయి, తక్కువే. మిగతావాటిలో ముందంతా ఖాళీ నేల, పైనంతా ఖాళీ ఆకాశం. వాటికి వైడ్ అవసరం లేదు సరిగదా, ఇంకొంచెం జూమ్ చేసి ఉంటే బాగుండేది. పైగా వైడ్ తక్కువైనచోట అమ్మ తన ఫోన్లో అల్ట్రావైడ్‌తో అదే గోపురాన్ని పూర్తిగా తీసేసి ఉంది. జేబులో ఆ ఫోన్ ఎలాగూ ఉంటుంది.

అసలు విషయం 55 గుట్టలో ఉంది. లెన్స్ చివరిదాకా తిప్పి, ఇంకా చాలక, తీసేసి, ఇంట్లో కత్తిరించుకున్న ఫొటోలు ఇవి. ఇక్కడ నేను చేసే లెక్క చాలా చిన్నది. డీ5600 పూర్తి ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్ళు. కత్తిరించాక 2000 మిగిలిందనుకోండి, 6000ని 2000తో భాగిస్తే 3. తీసింది 55 దగ్గర కాబట్టి 55ని 3తో గుణించండి, 165. అంటే ఆ ఫొటోకి మీ చేతిలో 165 ఎంఎం ఉంటే కత్తిరించే పనే ఉండేది కాదు. మీ చేయి తనంతట తాను కోరుకున్న ఎంఎం అది. పక్కనున్న కరెంటు తీగనో ఎవరి భుజాన్నో తీసేయడానికి ఒక పక్క మాత్రమే కోసినవాటిని ఈ లెక్కలోకి తీసుకోకూడదు, నాలుగు వైపులా దగ్గరకు లాగినవే తీసుకోవాలి.

మాస్టారు నా చేతిలోంచి కాగితం లాక్కుని తనే వేయడం మొదలుపెట్టారు. ఆయన చేతిరాతలో మూడు వరసలు తయారయ్యాయి. గుడి శిల్పాలు, మనవళ్ళు ఆడుకుంటున్నవి, బజారులో మనుషులు: ఇవి కత్తిరించాక 2000 నుంచి 2500 పిక్సెళ్ళు మిగిలాయి, అంటే 130 నుంచి 165 ఎంఎం. నేలపట్టులో గూళ్ళ మీద కూర్చున్న గూడబాతులు (పెలికాన్లు): 1000 లోపు మిగిలాయి, అంటే 330 పైన. పులికాట్‌లో ఫ్లెమింగోలు: 400, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. 6000ని 400తో భాగిస్తే 15, దాన్ని 55తో గుణిస్తే 825. ఆ మూడో వరస చూసి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే 400 కొన్నా అవి రావా?" అన్నారు. రావు మాస్టారూ అన్నాను.

దీన్ని ఇంకో దారిలో కూడా సరిచూసుకోవచ్చు. ఈ కెమెరా సెన్సర్ వెడల్పు 23.5 ఎంఎం. ఎంత దూరంలో ఎంత వెడల్పు ఫ్రేములో పడుతుందో తెలియాలంటే దూరాన్ని 23.5తో గుణించి ఎంఎంతో భాగించాలి. పక్షి 60 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. 300 దగ్గర ఫ్రేము వెడల్పు 4.7 మీటర్లు. మీటరుంపావు పైన పొడవుండే గూడబాతు అందులో పావు వంతు దాటుతుంది, రెక్కలు విప్పితే దాదాపు సగం. బాగానే ఉంది. అదే 140 దగ్గర ఫ్రేము 10 మీటర్లు, పక్షి చిన్నదైపోతుంది. ఇక పులికాట్‌లో ఫ్లెమింగోలు 300 మీటర్ల అవతల నీళ్ళలో నిలబడి ఉంటే 300 ఎంఎం దగ్గర ఫ్రేము 23.5 మీటర్లు, 400 దగ్గర 17.6 మీటర్లు. మనిషి ఛాతీ ఎత్తుండే పక్షి ఆ వెడల్పులో ఒక గీత. దానికితోడు ఎండెక్కాక ఆ బురద నేల మీద, నీళ్ళ మీద గాలి వేడికి అలలు అలలుగా కదులుతుంటుంది, దాన్ని ఏ కంపెనీ లెన్స్ కూడా ఆపలేదు. పొద్దున్నే సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పక్కకి పక్షులు దగ్గరగా వచ్చినప్పుడు దొరికే ఫొటోయే ఫొటో.

ఇక అభ్యర్థుల సంగతి. ఒక్కోదాన్ని బల్లమీద పెట్టి మాట్లాడుకున్నాం.

నికాన్ 18-140, ఎఫ్3.5-5.6, బరువు 490 గ్రాములు. మొదటి వరసకు సరిగ్గా సరిపోతుంది. నికాన్ 18-300లో రెండున్నాయి. 2012లో వచ్చిన ఎఫ్3.5-5.6 రకం 830 గ్రాములు, అమ్మ చేత్తో పట్టుకుని చూసి వెంటనే కింద పెట్టేశారు. 2014లో వచ్చిన ఎఫ్3.5-6.3 రకం 550 గ్రాములే. ఈ రెండో రకాన్ని 18-140 పక్కన పెడితే పొడవులో 2 ఎంఎం తేడా, ఫిల్టర్ సైజు రెండిటికీ 67. టామ్రాన్ 16-300 బరువు 540 గ్రాములు, వైడ్ వైపు రెండు ఎంఎం అదనంగా ఇస్తుంది. సిగ్మా 18-300 కంటెంపరరీ 585. మాస్టారు అడిగిన టామ్రాన్ 18-400, 2017లో వచ్చింది, 700 గ్రాముల పైమాట, ఫిల్టర్ 72. ఇవి కాక రెండు లెన్స్‌ల దారి ఒకటుంది: ఉన్న 18-55ని ఉంచుకుని నికాన్ ఏఎఫ్-పీ 70-300 వీఆర్ కొనుక్కోవడం. 205కి 415 కలిపి 620 గ్రాములు. టెలి వైపు, అంటే దూరం లాగే చివర పదును, ఫోకస్ వేగం ఈ 70-300దే మంచిది, అందులో నాకు అనుమానం లేదు. లెన్స్ మార్చడానికి ఇబ్బంది లేనివాళ్ళు ఎవరొచ్చినా నేను ముందు అదే చెబుతాను. కానీ ఇక్కడ మార్చేవాళ్ళు లేరు, మోసేవాళ్ళు లేరు. దాన్ని పక్కన పెట్టాం.

400 ఎందుకు వద్దన్నానో లెక్కతో చెప్పాలి, ఎందుకంటే మాస్టారు అంత తేలిగ్గా వదల్లేదు. 300 నుంచి 400కి వెళితే పక్షి ఫ్రేములో మూడో వంతు పెద్దదవుతుంది, అంతే. అదే పెద్దతనం 300తో తీసి కత్తిరించినా వస్తుంది, కత్తిరించాక 4500కి 3000 పిక్సెళ్ళు, అంటే 13.5 మెగాపిక్సెళ్ళు ఇంకా మిగిలే ఉంటాయి. 15కి 10 అంగుళాల ప్రింటు చక్కగా వేసుకోవచ్చు. దానికోసం ఇంకో 160 గ్రాములు రోజంతా మెళ్ళో వేలాడేసుకోవాలా? మరి ఇదే వాదనతో 140 చాలు అనొచ్చు గదా అని ఆయనే అడిగారు, మంచి ప్రశ్న. 140తో తీసి 300 అంత దగ్గరకు కత్తిరిస్తే మిగిలేది 5 మెగాపిక్సెళ్ళ చిల్లర, గూడబాతు ఈకలు అందులో ముద్దగా కనపడతాయి. పైగా 140కీ 300కీ బరువు తేడా 60 గ్రాములే. అంత తక్కువకి అంత దూరం వస్తుంటే తీసుకోవాలి. 400 దగ్గర బేరం తిరగబడుతుంది.

టామ్రాన్ 16-300 మీద నాకు ఇష్టం ఉంది, 16 దగ్గర కోణం సుమారు 82 డిగ్రీలు, 18 దగ్గర 76. గుడి ప్రాకారంలో వెనక్కి జరగడానికి చోటులేనప్పుడు ఆ తేడా తెలుస్తుంది. కానీ ఇలాంటి జూమ్‌లన్నిటికీ వైడ్ దగ్గర గీతలు బయటికి ఉబ్బుతాయి, కాస్త జూమ్ చేయగానే అవే గీతలు లోపలికి వంగుతాయి. స్తంభాలు, గోపురాలు తీసేవాళ్ళకి ఇది కంటికి కొడుతుంది. డీ5600లో ఆటో డిస్టార్షన్ కంట్రోల్ అని ఉంది, నికాన్ సొంత లెన్స్ వేస్తే జేపెగ్‌లో ఆ వంపును కెమెరానే సరిచేస్తుంది, వేరే కంపెనీ లెన్స్‌కి ఆ భరోసా లేదు, రా, అంటే కెమెరా ఏమీ సరిచేయని ముడి ఫైలు తీసి కంప్యూటర్లో సరిచేసుకోవాలి. మాస్టారు తీసేది జేపెగ్, ఎడిటింగ్ అంటే ఆయనకు కత్తిరించడం ఒక్కటే. వైడ్ అవసరాన్ని ఫోన్ తీరుస్తోందని ముందే చూశాం. అలా నికాన్ 18-300 ఎఫ్3.5-6.3 మిగిలింది.

దాని లోపాలు కొనేముందే చెప్పాలి, కొన్నాక చెబితే లాభం లేదు. టామ్రాన్ 1992లో 28-200 తెచ్చినప్పుడు ఏడు రెట్ల జూమ్ అంటేనే పెద్ద విశేషం, ఈ 18-300 దాదాపు 17 రెట్లు. 16 గాజు పలకలు, అందులో మూడు ఈడీ, మూడు యాస్ఫెరికల్ అనే ప్రత్యేక రకాలు పెట్టినా అన్ని చోట్లా ఒకే పదును రాదు, 300 దగ్గర మూలలు మెత్తగానే ఉంటాయి. ఎఫ్8కి మూసుకుంటే బాగా తేరుకుంటుంది, ఎఫ్11 దాటితే డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల మళ్ళీ మెత్తబడుతుంది. అసలు పెద్ద లోటు వెలుతురు. మంచి ఎండలో ఎఫ్6.3, ఐఎస్ఓ 400 పెడితే 1/2500 షటర్ సులువుగా వస్తుంది. పొద్దున ఆరున్నరకి, పక్షులు బాగా కదిలే వేళకి, మూడు నాలుగు స్టాప్‌ల వెలుతురు తక్కువ ఉంటుంది (ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగమవుతుంది), అప్పుడు అదే ఐఎస్ఓ 400లో 1/250 దగ్గర ఆగిపోతుంది. ఎగిరే పక్షి రెక్కలు నిలబడాలంటే కనీసం 1/1000 కావాలి, అంటే ఐఎస్ఓ 1600. వీఆర్ ఉంది గదా అంటారు. వీఆర్ మన చేతి వణుకును ఆపుతుంది, పక్షి రెక్కను ఆపదు. గూటి మీద కూర్చున్న పక్షికీ, గోపురం బొమ్మకీ మాత్రం వీఆర్ బంగారం, 300 దగ్గర 1/60కి కూడా మాస్టారి చేతుల్లో షేక్ లేని ఫొటోలు వచ్చాయి.

దగ్గరి వస్తువుల విషయంలో మాత్రం ఈ లెన్స్ ఆశ్చర్యపరుస్తుంది. 48 సెంటీమీటర్ల దాకా దగ్గరకు పోనిస్తుంది, 0.32 రెట్లు, అంటే 7 సెంటీమీటర్ల చిల్లర వెడల్పున్న వస్తువు ఫ్రేమంతా నిండుతుంది. ఉదయగిరిలో చెక్క స్పూన్లు చెక్కేవాళ్ళ దగ్గర అమ్మ కొనుక్కున్న చిన్న స్పూను చివరి నగిషీని మా బల్లమీదే తీసి చూపించాను. ఆమెకు లెన్స్ మీద మొదటిసారి గురి కుదిరింది అప్పుడే అనుకుంటాను.

కొనమని వెంటనే చెప్పలేదు. నా దగ్గర అద్దెకుండే 18-300నే ఇచ్చి తిరిగి రమ్మన్నాను. ఇలాంటి లెన్స్‌ని షాపులో ట్యూబ్‌లైటు కింద రెండు ఫొటోలు తీసి తేల్చలేం. పొద్దున్నే రంగనాయకుల గుడికి, తర్వాతి వారం నేలపట్టుకి పోయొచ్చారు. షటర్ ప్రయారిటీలో (షటర్ మనం పెడితే ఎఫ్ నంబరు కెమెరా చూసుకునే మోడ్) పెట్టి, ఐఎస్ఓ ఆటోకి వదిలి, కూర్చున్న పక్షికి 1/500, ఎగిరేదానికి 1/1250 అని చీటీ రాసిచ్చాను. ఫోకస్ పాయింట్లు 39 ఉన్నా నడుమనున్నవే వాడమన్నాను, అడ్డగీతలనీ నిలువుగీతలనీ పట్టుకోగల క్రాస్ టైప్ పాయింట్లు తొమ్మిదీ అక్కడే ఉన్నాయి, ఎఫ్6.3 లాంటి చీకటి లెన్స్‌కి వెలుతురు తగ్గినప్పుడు అంచు పాయింట్లు ముందుకీ వెనక్కీ వెతుక్కుంటాయి.

వచ్చాక ఇద్దరి రిపోర్టులూ విడివిడిగా తీసుకున్నాను, కొనేవాళ్ళకీ మోసేవాళ్ళకీ అనుభవం ఒకటి కాదు కాబట్టి. మాస్టారు సంబరంగా ఉన్నారు, కట్ట మీద నిలబడి గూటిలో పిల్లకు తిండి పెడుతున్న గూడబాతును తీశారు, గొంతు సంచి మీద గీతలు కూడా కనపడుతున్నాయి. గుడి గురించి మాత్రం అంత సంతోషంగా లేరు. "మండపంలో చీకటి నాయనా, జూమ్ చేస్తే ఫోకస్సే పట్టుకోలా, ఐఎస్ఓ పెరిగి బొమ్మంతా ఇసుక చల్లినట్టుంది." అమ్మ మాట: "సంచిలో బరువు తగ్గింది, ఆయన మెడ మీద పెరిగింది. ఇప్పుడు మెడనొప్పంటే నూనె రాయాల్సింది నేనే గదా." బాడీ 465, లెన్స్ 550, కలిపి కిలో దాటుతుంది. కెమెరాతో వచ్చిన సన్నటి బెల్టు తీసేసి, భుజం మీదుగా అడ్డంగా వేసుకునే స్లింగ్ పట్టీ కట్టించాను, బరువు నడుము పక్కకి దిగింది. నడిచేటప్పుడు లెన్స్ దానంతటది కిందికి సాగకుండా 18 దగ్గర లాక్ వేసుకోవడం కూడా అలవాటు చేశాను.

మండపం చీకటికి జూమ్‌లో మందు లేదు. 35 దగ్గర ఈ జూమ్ ఎఫ్4 దాటిపోతుంది, అదే నికాన్ 35 ఎఫ్1.8 వేస్తే రెండు స్టాప్‌ల పైన వెలుతురు అదనం, ఐఎస్ఓ 3200 పెట్టాల్సిన చోట 800 కంటే తక్కువతో సరిపోతుంది. బరువు 200 గ్రాములు. ఒకే లెన్స్ అన్న షరతు ఇక్కడ కొంచెం సడలుతుంది, నిజమే. కానీ దీన్ని మార్చాల్సింది గుడి గడప దగ్గర, ఒక్కసారి, గాలీ ఇసుకా లేనిచోట. అది కూడా లోపల ఫొటోలు తీయనిచ్చే గుళ్ళలోనే. అమ్మ ఆ చిన్న లెన్స్‌ని తన హ్యాండ్ బ్యాగులో పెట్టి చూసుకుని "ఇదైతే పర్వాలేదు" అన్నారు.

తర్వాత కొనడం. ధరలు రాయను, మారిపోతూనే ఉంటాయి. ఈ రకం డీఎస్ఎల్ఆర్ (మాస్టారి కెమెరాలా లోపల అద్దం ఉండేవి) లెన్స్‌లు సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతున్నాయి, ఎక్కువమంది అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకి మారిపోతున్నారు గదా. మన తీర ప్రాంతంలో పాత లెన్స్ కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఫంగస్. ఉప్పుగాలి, చెమ్మ, బీరువాలో తోలు సంచిలో నెలల తరబడి పడుండటం, ఈ మూడూ చాలు. ముందు మూత, వెనక మూత తీసి, వెనకనుంచి సెల్‌ఫోన్ టార్చి కొట్టి ముందునుంచి ఏటవాలుగా చూడండి. సాలెపట్టు దారాల్లాంటివో, మంచులాంటి మసకో కనపడితే ఎంత తక్కువకిచ్చినా వద్దు. అక్కడక్కడా నాలుగు దుమ్ము రేణువులుంటే భయపడక్కర్లేదు, ఇంత సాగి ముడుచుకునే జూమ్ ప్రతిసారీ గాలి పీల్చుకుంటుంది, దుమ్ము పోకుండా ఉండదు. తర్వాత లెన్స్‌ని పూర్తిగా సాగదీసి ముందు గొట్టాన్ని వేళ్ళతో మెల్లగా కదిపి చూడండి, కొంచెం ఆట ఉంటుంది, టకటకమంటే మాత్రం ఎక్కడో దెబ్బ తిన్నట్టు.

తర్వాతి పరీక్ష గోడ. న్యూస్‌పేపర్ షీట్లు గోడకు అంటించి, కెమెరాని ట్రైపాడ్ మీద గోడకు సూటిగా పెట్టి, వీఆర్ ఆపి, 18 దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, దూరం జరిగి 300 దగ్గర ఒకటి తీయాలి. నాలుగు మూలలూ ఒకేలా మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. ఒక్క మూలో, ఒక్క పక్కో మాత్రమే చెడితే లోపల గాజు పక్కకు జరిగిందన్నమాట. మాస్టారి కోసం చూసిన మొదటి పీస్ ఇలాగే పోయింది, పైకి కొత్తదానిలా మెరుస్తోంది, 300 దగ్గర కుడివైపంతా అక్షరాలు చదవరాలేదు. అమ్మేవాళ్ళు "ఈ లెన్స్‌లన్నీ ఇంతే సార్" అన్నారు. ఎడమవైపు అక్షరాలు చూపించి తిరిగిచ్చేశాం.

డీ5600 వాడేవాళ్ళు ఇంకొకటి తప్పకుండా చేయాలి. ఈ బాడీలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఆటోఫోకస్‌ని మనమే సవరించుకునే సెట్టింగు) లేదు, కాబట్టి లెన్స్ ముందుకో వెనక్కో ఫోకస్ చేస్తుంటే మనం సరిచేసుకునే దారి లేదు. ఒకే వస్తువును 300 దగ్గర వ్యూఫైండర్లోంచి ఫోకస్ చేసి ఒకటి, లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ ఫోకస్ చేసి ఒకటి తీయండి. లైవ్ వ్యూ ఫొటో ప్రతిసారీ స్పష్టంగా ఎక్కువ పదునుగా వస్తుంటే ఆ లెన్స్‌కీ మీ బాడీకీ పొత్తు కుదరలేదు, వదిలేయండి. లెన్స్ కొనేటప్పుడు మీ బాడీ వెంట తీసుకుపోవాలనేది ఇందుకే. రెండో పీస్ అన్నిట్లోనూ నిలబడింది. దానితోపాటు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు కొనిపించాను, 40, 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే చాలు. ఫిల్టర్ కొంటే మంచిది కొనండి, చవక ఫిల్టర్ దెబ్బ 18 దగ్గర తెలియదు, 300 దగ్గర పదునంతా తినేస్తుంది.

మిర్రర్‌లెస్ బాడీ ఉన్నవాళ్ళకు అభ్యర్థులు మారతాయి, పద్ధతి మారదు. నికాన్ జెడ్ డీఎక్స్ 18-140 బరువు 315 గ్రాములే, కానన్ ఆర్ఎఫ్-ఎస్ 18-150 ఇంచుమించు అంతే, 310. పక్షుల జోలికి పోనివాళ్ళకి ఇవి హాయి. సోనీ, ఫుజీ వాళ్ళకి టామ్రాన్ 18-300 ఉంది, 620. ఫుల్‌ఫ్రేమ్ (మాస్టారి కెమెరాకన్నా పెద్ద సెన్సర్ ఉండే) సోనీ అయితే టామ్రాన్ 28-200, ఎఫ్2.8 దగ్గర మొదలవుతుంది, 575 గ్రాములు, ఈ జాతి లెన్స్‌లలో అంత వెలుతురు ఇచ్చేది అరుదు, కాకపోతే అందులో స్టెబిలైజర్ లేదు, బాడీలో ఉండాల్సిందే. ఫుల్‌ఫ్రేమ్‌లో 200 అంటే మాస్టారి కెమెరాలో 133తో సమానం, ఆ లెక్క మర్చిపోకండి.

చలికాలం దాటాక మాస్టారు మళ్ళీ హార్డ్ డిస్క్ పట్టుకొచ్చారు, ఈసారి పట్టిక ఆయనే తయారుచేసుకుని. మధ్యలో పలచగా ఉన్న చోటంతా నిండింది, ముఖ్యంగా 70 నుంచి 200 దాకా శిల్పాలు, మనవళ్ళు, భైరవకోన రాతి గుళ్ళ ద్వారపాలకులు. 300 దగ్గర కొత్త గుట్ట లేచింది, అది పక్షులది. అందులో కత్తిరించిన నేలపట్టు ఫొటోలకి 3500, 4000 పిక్సెళ్ళు మిగులుతున్నాయి. నేను చూడాలనుకున్నది అదే. 35 ఎఫ్1.8తో మండపాల్లో తీసినవి ఆయన ఫోల్డర్లలో నాకు అన్నిటికన్నా నచ్చినవి.

ఫ్లెమింగోలు మాత్రం ఇంకా గీతలే. "మరి వాటికేంది దారి?" అని అడిగారు. నా దగ్గర నికాన్ 200-500 అద్దెకుంది, బరువు 2.3 కిలోలు, ట్రైపాడ్ లేకుండా ఆయన వల్ల కాదు. అదిచ్చినా 300 మీటర్లకి ఫ్రేము 14 మీటర్లు, పక్షి పదో వంతు. అందుకని వచ్చే జనవరిలో ఒక్క పొద్దుకి ఆ లెన్స్ అద్దెకిస్తాను, డ్రైవర్‌ని పెట్టుకుని తెల్లారకముందే సూళ్ళూరుపేట దాటి పోండి, ఎనిమిదిన్నరకల్లా సర్దేయండి, దూరంగా ఉన్నవాటికోసం ఆశపడకుండా రోడ్డు పక్కకి వచ్చినవాటినే తీయండి అన్నాను. "2.3 కిలోలా, ఎవరు మోస్తారు?" అన్నారు అమ్మ. కారు దిగకుండా అద్దం దించి, తలుపు మీద బియ్యం సంచి పెట్టి దానిమీద లెన్స్ ఆనించి తీయొచ్చమ్మా, ఎవరూ మోయక్కర్లేదు అన్నాను. అద్దె అడ్వాన్సు మాస్టారు అప్పుడే ఇచ్చి పోయారు.